కరెంటు కారు మీద మామ సాక్ష్యం

"ఇదేం పెద్ద ఘనకార్యమని సెప్పను పాపా. పుంగనూరు రోడ్డులో కరెంటు కారునూ డీసిల్ కారునూ పక్కపక్కన పెట్టి తోలితే, డీసిల్ కారు ఒక బానెట్టంత ముందుకొచ్చింది. అంతే. తోలింది నేను కాబట్టి సెప్తాండాను, లేకుంటే సెప్పే పని కూడా లేదు."

మా మామ ప్రేమానందం ఇంత అణకువగా మొదలుపెట్టేసరికే నాకు అనుమానం వచ్చింది. మామ ఎప్పుడైనా తగ్గి మాట్లాడినాడంటే వెనకాల ఏదో పెద్దది వస్తోందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని, మదనపల్లెలో మా ఇంటి వసారాలో కూర్చున్నాం. అమ్మ మేరమ్మ ఉడకబెట్టిన చెనక్కాయలు చాటలో పోసి మధ్యలో పెట్టింది. మామ అమ్మకు సొంత తమ్ముడు. నాన్న శాలేము రాజు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు గానీ నిద్రపోలేదు. పక్కింటి ఉమాపతి కూడా వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనాడు. బస్సెక్కిన మనిషి మొహం చూసి టికెట్టు తీసుకున్నాడో లేదో చెప్పేవాణ్ణని ఆయన నమ్మకం. ఆ చూపుతోనే ఇప్పుడు మామను చూస్తున్నాడు.

మామ చెప్పేది నాకు నిజంగా కావాలి. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ఈ మధ్య మదనపల్లె ల్యాబు నుంచి కుప్పం ల్యాబుకు కూడా పోవాల్సి వస్తోంది. పుంగనూరు, పలమనేరు, వి.కోట, శాంతిపురం మీదుగా దారి. శాంతిపురం దగ్గర గ్రానైటు రాళ్ల లారీలు ఎక్కువ. పోయిన నెలలో మా ల్యాబు కారు అట్లాంటి లారీనొకదాన్ని దాటబోయి, సగంలో ఊపిరి చాలనట్టు అయిపోయింది. ఎదురుగా బస్సు. ముందుకు పోలేము, వెనక్కి తగ్గలేము. ఆ బస్సు డ్రైవరు బండిని మట్టిలోకి దించబట్టి బతికినాం. ఆ రోజే అనుకున్నాను, సొంత కారు కొనాలని, కొంటే తొక్కగానే లాగే కారు కొనాలని. రంగూ, సీట్లూ, పాటల పెట్టె ఇవేవీ నాకు అక్కర్లేదు. మావాళ్లు పికప్పు అంటారే, అదొక్కటి ఉంటే చాలు.

మా అవ్వాతాతలు కూలికి పోయి బతికినవాళ్లు. నాన్నకు ఆస్పత్రి వంటశాలలో పని దొరికినాక కొన్న సైకిలే మా ఇంటికి వచ్చిన మొదటి బండి. కారు అనేది ఇదే మొదలు. తప్పు కారు కొంటే దాన్ని మార్చుకునే స్తోమత లేదు.

నేను చూసిపెట్టుకున్నవి రెండు. రెండూ వెనక డిక్కీ ఉండే పొడుగు కార్లే. ఒకటి షోరూములో కొత్త కరెంటు కారు. ఇంకొకటి ఉమాశంకర్ అనే బ్రోకరు దగ్గరున్న డీసిల్ కారు, ఒకరు వాడిందే గానీ తళతళలాడుతోంది. శనివారం నాకు డ్యూటీ పడింది. అందుకని రెండూ తోలి చూసి రమ్మని మామను పంపినాను. లారీ, జీపు, అంబులెన్సు, ట్రావెల్స్ కారు, మామ తోలని డీసిల్ బండి లేదు. సోమవారం నేను ఎవరికో ఒకరికి మాట చెప్పాలి.

అందుకే వసారాలో అందరం మామ నోటి వైపే చూస్తున్నాం, ఎవరి అనుమానం వాళ్లు పెట్టుకుని. ఉమాశంకర్ మామకు స్నేహితుడు కాబట్టి శనివారం రాత్రికి బిర్యానీ తినిపించి తన బండికి మాట సాయం అడిగి ఉంటాడని అమ్మ అనుమానం. మామ అసలు మంచం దిగి ఉండడని నాన్న అనుమానం. ఉమాపతికి ఎవరి మీదైనా అనుమానమే. నాది వేరే. శనివారం సాయంత్రం నేను ఫోన్ చేస్తే మామ తీయలేదు. ఫోన్ మోగితే తీయకుండా ఉండే మనిషి కాదు మామ, రాంగ్ నంబరు వచ్చినా వాళ్ల ఊరు, వాన, పంట అన్నీ కనుక్కునిగానీ పెట్టడు.

"ఆ పొద్దు ఏం జరిగిందో వరసగా చెప్పు మామా," అన్నాను.

"వరసగానే సెప్తాండాను. షోరూములో వినోద్ అని ఒకాయన ఉండాడు, టై కట్టుకోని, మంచి మర్యాదస్తుడు. ఆయనతో అంటిని, అయ్యా, మా పాప రోజూ కుప్పం పోవల్ల, ఈ వీధిలో ఒక రౌండు కొడితే మాకేం తెలుస్తాది, నేను డీసిల్ కారు తీసుకొస్తాను, నువ్వు కరెంటు కారు తీసుకోని రా, దారిలో పెట్టి తేల్చుకుందాము అని."

"షోరూమోళ్లు ఊరు దాటనియ్యరే," అన్నాడు ఉమాపతి.

"వేరేవాళ్లను దాటనియ్యరన్నా. నా స్టీరింగు పట్టే పద్ధతి చూసి ఆయనే అన్న్యాడు, సార్, మీరు యాడికంటే ఆడికి అని. సరే, పుంగనూరు రోడ్డులో నేరుగా ఉండే జాగా చూసుకోని రెండు బండ్లూ పక్కపక్కన నిలబెట్టినాము. ఇప్పుడు నేను ఉండేది ఉన్నట్టు సెప్తా, పక్షపాతం లేదు. కరెంటు కారు తొక్కంగానే పోతాది. సద్దు లేదు, పొగ లేదు, ఈడుండేది ఆడుంటాది. డీసిల్ కారు అట్ల గాదు, అది పెద్దింటి మనిషి మాదిరి. తొక్కినాక ఒక్క క్షణం ఆలోచన సేస్తాది, ఏమప్పా ప్రేమానందం, నిజంగానే పోదామా, లేకుంటే ఊరికే తొక్కినావా అని అడుగుతాది. మనం ఊ అనల్ల. ఊ అన్నాక టర్బో లేస్తాది సూడు, అప్పుడు సీటు నిన్ను వీపు మీద సెయ్యేసి తోస్తాది."

నేను చదివినదాని ప్రకారం ఇంతవరకూ సరిగ్గానే ఉంది. ఆగి ఉన్నచోటి నుంచి లేచేటప్పుడు కరెంటు కారుదే పైచెయ్యి అని అందరూ రాసినారు. అందుకే అడిగినాను.

"మరి ముందు పోయింది కరెంటు కారే కదా?"

"మొదట్లో అదే పోయింది. పోనిస్తిని. సిన్నది గదా, పోనీలే అని. ఆమైన నాది లేచింది. ఒక బానెట్టు. అంతే. ఆడికే ఆగింటే ఈ కథ లేదు. వినోద్ కిటికీ దించి అంటాడు, సార్, నా చెప్పు జారింది, ఇంకొక తూరి అని. సరే అంటిని. ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

ఎవరూ అడగలేదు. మామకు అది అడ్డం కాలేదు.

"ఈ తూరి నేను డీసిల్ కారును ముందే అడిగేసినాను, అమ్మా, ఆలోచన ఈసారి వద్దు, నేరుగా పోదాము అని. తొక్కితిని. ముందర టమాటాల లారీ ఒకటి పోతాండాది, మన మార్కెట్టుకు వచ్చేదే, క్రేట్లు ఇంత ఎత్తు పేర్చుకోని. దాని పక్కన నేను పోయిన గాలికి క్రేట్లలో కాయలన్నీ పైకి లేసినాయి. నేనేమో అయ్యో పాపం, రైతు సొమ్ము అని అద్దంలో సూస్తాండాను. సూస్తే అన్నీ మళ్లా క్రేట్లలోనే పడినాయి. పండువి ఒక పక్క, దోరవి ఒక పక్క."

"గాలే ఏరి పెట్టిందా?" అన్నాడు నాన్న, కళ్లు తెరవకుండా.

"ఏరిందని నేను సెప్పలేదు బావా. పడినాయి అంటాండాను. లారీ డ్రైవరు దండం పెట్టినాడు, మండీలో ఆ పొద్దు వాళ్లకు గ్రేడింగు కూలి మిగిలింది. అది అట్లుండనీ. పుంగనూరు కాడ ఒక ఆవు, మన పుంగనూరు పొట్టి ఆవే, రోడ్డు పక్కన నిలబడుకోని గడ్డి తింటాండాది, మొహం పలమనేరు వైపు. నేను పోయినాక అద్దంలో సూస్తే మొహం మదనపల్లె వైపు ఉండాది. కాలు కదపలేదు. నోరు మాత్రం ఆడిస్తానే ఉండాది, దానికి తెలియను కూడా తెలియలేదు."

అమ్మ చెనక్కాయ ఒలుస్తూ నన్ను చూసింది. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. బిర్యానీ గట్టిగానే తిన్నాడు అని.

"పలమనేరులో ఊర్లో పడి పోతివా, బైపాసులో పోతివా?" అని ఉమాపతి అడిగినాడు. ఆయన ఆ రూట్లో సర్వీసు చేసిన మనిషి. మామను అక్కడ పట్టుకోవచ్చని ఆశ.

"నేను బైపాసులో పోతినన్నా. నా బండి శబ్దం ఊర్లో పడి వచ్చింది."

"ఏమి?"

"అంతే గదా. నేను ముందు పోతాండాను, శబ్దం ఎనకబడిపాయె. దానికి బైపాసు తెలియదు, పాత దారినే పట్టుకోని ఊర్లో పడింది. బస్టాండులో జనం అందరూ పక్కకు జరిగి దారిచ్చినారంట, సూస్తే బండి లేదు, ఉత్త శబ్దమే పోతాండాది. వి.కోట కాడ నేను టీ తాగదామని ఆగితే అది ఆయాసపడుకుంటా వచ్చి కలిసింది. కలిసినాకనే మళ్లా బయలుదేరినాము. శబ్దం లేకుండా తోలితే పోలీసోళ్లు కేసు రాస్తారు గదా."

"కరెంటు కారుకు శబ్దమే ఉండదంటివి. దానికి కేసు రాయరా?" అన్నాడు ఉమాపతి.

మామ చాటలో చెయ్యి పెట్టినాడు. "అది వేరే సెక్షనన్నా," అని చెనక్కాయ నోట్లో వేసుకున్నాడు.

అంతవరకూ నేను నవ్వకుండా ఓర్చుకున్నాను. వి.కోట తర్వాత వచ్చేది శాంతిపురం. నాకు నవ్వు పోయింది.

"మామా. శాంతిపురం దగ్గర రాళ్ల లారీలు ఉన్నాయా?"

"ఉండాయి. వరసగా ఉండాయి."

"దాటినావు కదా. దాటేటప్పుడు ఎదురుగా ఏదైనా వచ్చిందా? సగంలో బండి లాగిందా, ఆగిందా? ఆవూ టమాటాలూ నీ ఇష్టం మామా, ఇది మాత్రం సరిగ్గా చెప్పు. ఆ రోడ్డులో రేపు పోయేది నేను."

మామ చేతిలోని చెనక్కాయను ఒలవకుండా అటూ ఇటూ తిప్పినాడు. నాన్న కళ్లు తెరిచినాడు.

"లాగింది పాపా," అన్నాడు మామ, నా వైపు చూడకుండా. గొంతు చిన్నదైంది. ఆ గొంతు చిన్నదైనట్టు తనకే వినబడిందేమో, వెంటనే పెంచినాడు. "లాగిందా అని అడుగుతాండావే, లారీలన్నీ రివర్సులో పోతాండాయేమో అనుకుంటిని నేను. ఎదురుగా బస్సొకటి వచ్చింది. డ్రైవరు నన్ను సూసి బ్రేకు మీద కాలు పెట్టేలోపల నేను మూడు లారీలు దాటి, తిరిగి సూసి, పాపం ఆయన భయపడినాడేమో అని ఎనక్కు వచ్చి, ఏమీ కాలేదప్పా అని సెప్పి, మళ్లా పోయి ఆ మూడు లారీలూ దాటినాను."

నాకు కావాల్సింది అది కాదు. 'లాగింది పాపా' అన్న ఆ చిన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. అబద్ధం చెప్పేటప్పుడు మామ గొంతు ఎప్పుడూ పెద్దగా ఉంటుంది. ఆ ఒక్క మాట మాత్రం చిన్నగా వచ్చింది. అది నిజమైతే ఎందుకు నా మొహం చూడలేదు, అబద్ధమైతే ఎందుకు గొంతు పెరగలేదు అని ఆలోచిస్తున్నాను. మామ అప్పటికే కుప్పం చేరిపోయినాడు.

"కుప్పం వచ్చింది, ఇంక సాలు అని బ్రేకు తొక్కితిని. తొక్కింది కుప్పంలోనే, అందులో సందేహం లేదు, రైల్వేస్టేషను నా కండ్లతో సూసినాను. బండి నిలబడేటప్పటికి నా ఫోన్ టింగు టింగు టింగు అంటాండాది. సూస్తే తమిళనాడుకు స్వాగతం, కర్ణాటకకు స్వాగతం, ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతం, మూడూ ఒకేసారి. దిగి సూస్తే ముందర చక్రాలు తమిళనాడులో ఉండాయి, ఎనక చక్రాలు కర్ణాటకలో ఉండాయి, డ్రైవరు సీటు మాత్రం ఆంధ్రలో ఉండాది. ఇటుపక్క పోలీసు తమిళంలో అడుగుతాడు, అటుపక్క పోలీసు కన్నడంలో అడుగుతాడు. నేను సీట్లో నుంచి లేయకుండా తెలుగులో జవాబు సెప్తిని, లేస్తే గదా వాళ్ల కేసు."

"వినోద్ యాడుండాడు అప్పుడు?" అన్నాడు నాన్న.

"వస్తాండాడు. కరెంటు కారు గదా, నిదానంగా వస్తాండాడు."

"తొక్కంగానే పోతాదంటివి."

"పోతాది బావా. నా అంత పోదు అంటాండాను."

"సరే, నేను వినోద్‌కు ఫోన్ చేసి అడుగుతాను," అని నేను ఫోన్ తీసినాను.

మామ చెయ్యి చాపి నా ఫోన్ మీద పెట్టినాడు, మెల్లగా. "ఆదివారం పూట యాలమ్మా. ఆయనకూ ఇల్లూ వాకిలీ ఉంటాది. నేను సెప్తాండానుగా."

నేను ఫోన్ పక్కన పెట్టినాను గానీ అనుమానం ఇంకా గట్టిపడింది.

అమ్మ చాట పక్కకు జరిపి నేరుగా తమ్ముడి మొహంలోకి చూసింది. "రేయ్ ప్రేమా. శనివారం మధ్యాన్నం నువ్వు ఈడికొచ్చి సంగటి తింటివి గదరా. ఊరిబిండి పచ్చడి కారం ఎక్కువైందని సణిగితివి. పొద్దున షోరూముకు పోయినోడివి మధ్యాన్నానికి కుప్పం పోయి ఎట్ల వచ్చినావు?"

ఉమాపతి మెట్టు మీద నుంచి ముందుకు వంగినాడు. టికెట్టు లేని ప్రయాణికుడు దొరికినప్పుడు ఆయన అట్లాగే వంగి ఉంటాడు. నాన్న నిటారుగా కూర్చున్నాడు. ఇంక మామ పని అయిపోయిందని నేనూ అనుకున్నాను.

మామ టీ గ్లాసు ఎత్తి, ఉన్నదంతా తాగి, కింద పెట్టినాడు.

"అక్కా, నేను ఇంతసేపూ సెప్తాండేది అదే గదా. అంత బిర్రున పోతేనే గదా మధ్యాన్నం సంగటికి అందుకునింది. నువ్వు నమ్మవని సెప్పలేదు గానీ, నేను వచ్చేటప్పటికి నువ్వు ఇంకా సంగటి కెలకతాండావు. నువ్వే సెప్పు, కెలకతాండావా లేదా?"

అమ్మ ఆలోచించింది. "కెలకతాండాను," అంది, ఒప్పుకోక తప్పక.

"ఆ. ఇంక వచ్చేటప్పటి సంగతి సెప్తే మీరు తట్టుకోలేరు. వచ్చేటప్పుడు బండ్లు మార్చుకున్నాము. నేను న్యాయమైన మనిషిని, ఒక పక్కే తోలి తీర్పు సెప్పేది నా రక్తంలో లేదు. వినోద్‌కు డీసిల్ కారు ఇచ్చి కరెంటు కారులో నేను కూచుంటిని. పాపా, నువ్వు దాన్ని తక్కువ అనుకోవద్దు. తొక్కితే నా మీసం కుప్పంలోనే ఉండిపాయె. మళ్లా వచ్చి అతుక్కునేటప్పటికి శాంతిపురం దాటినాము. పొయ్యేటప్పుడు నేను లేపిన దుమ్ము ఇంకా గాల్లోనే ఉండాది, దాన్ని సీల్చుకోని వస్తాండాను. ఆ ఆవు మళ్లా తిరిగింది, ఇప్పుడు మొహం పలమనేరు వైపే ఉండాది, లెక్క సరిపాయె. ఆ తర్వాత, అసలు ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

"ఏమైంది?" అన్నాడు ఉమాపతి. ఆయన కూడా అడిగేసినాడు. అడిగినాక తనమీద తనకే కోపం వచ్చినట్టు మెట్టు మీద సర్దుకున్నాడు.

"పుంగనూరు కాడ ఎదురుగా ఒక డీసిల్ కారు వస్తాండాది. యమా వేగం. తోలేటోని మొహం యాడో సూసినట్టుండాది. దగ్గరికి వచ్చేకొద్దీ సూస్తాండాను, ఆ ముక్కు తెలుసు, ఆ చొక్కా తెలుసు. ఎవరనుకుంటివి, నేనే."

"నువ్వే?"

"నేనే అక్కా. పొద్దున కుప్పానికి పోతాండే నేను. నేను అంత బిర్రున ఎనక్కి వచ్చేసినాను, వాడింకా పోనే లేదు. సెయ్యెత్తితిని. వాడు ఎత్తలేదు, పొగరు. రోడ్డేమో ఆడ సన్నగా ఉండాది, ఒకపక్క గుంత, ఒకపక్క ఆ ఆవు. వాడు తగ్గడు, నాకు తెలుసు గదా వాని సంగతి. నేను తగ్గను, వానికీ తెలుసు. ఇంక గుద్దుకుంటాము, ఇద్దరు ప్రేమానందాలూ ఒకేసారి పోతారు, అక్క ఎవరికని ఏడుస్తాది అని ఆలోచన సేసి, దేవుని తలుచుకోని, క్లచ్ అదిమి, టాపు నుంచి సెకండుకు దించి, ఎడమకు ఒక కోత కోస్తిని సూడు, రెండు బండ్లకూ మధ్యలో..."

"ఏ బండిలో మామా?" అన్నాను.

"అదే పాపా, కరెంటు కారులో."

"కరెంటు కారులో క్లచ్ తొక్కినావా?"

"తొక్కకుండా గేరు ఎట్ల పడతాది?"

నాకు చెప్పబుద్ధి కాలేదు. కానీ అమ్మా నాన్నా ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.

"దాంట్లో క్లచ్ ఉండదు మామా. మార్చడానికి గేర్లూ ఉండవు. తొక్కేది, ఆపేది, రెండే. నువ్వు ఆ కారు తోలలేదు."

ఎడమకు కోసిన మామ చెయ్యి అట్లాగే గాల్లో ఉంది, దాన్ని మెల్లగా దించి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఉమాపతి ఏదో అనబోయినాడు. ఇంతసేపూ ఆయన ఎదురుచూసింది దానికే. నాన్న ఆయన మోకాలి మీద చెయ్యి వేసినాడు. ఆయన ఆగినాడు.

"ఉమాశంకర్ ఏమిచ్చినాడురా నీకు?" అంది అమ్మ.

"టీ కూడా ఇప్పించలేదు అక్కా," అన్నాడు మామ. చాటలోని పొట్టు వేలితో ఒకచోటికి నెట్టినాడు. తర్వాత మాట్లాడినప్పుడు కథ చెప్పే గొంతు కాదు అది.

"ఆ వినోద్ తలుపు తీసి కూచోండి సార్ అన్న్యాడు. కూచుంటిని. స్టార్ట్ సెయ్యప్పా అంటిని. అయ్యే ఉండాది సార్ అన్న్యాడు. నాకేం వినపల్లేదు. సరేలే అని ఎడమ కాలితో క్లచ్ కోసం తడుముకుంటిని. ఆడ ఏమీ లేదు, ఉత్త మ్యాటు. గేరు కోసం సెయ్యి పెడితే గుండ్రంగా ఏదో బిళ్ల ఉండాది, రేడియో మాదిరి. షోరూములో పని సేసే నీ వయసు పిల్లలు పక్కన నిలబడుకోని సూస్తాండారు. ఈయన ముప్పై ఏండ్ల డ్రైవరు అని వినోద్ వాళ్లకు గొప్పగా సెప్తాండాడు. నాకు సెమటలు పట్టె. అర్జెంటు ఫోన్ వచ్చిందని సెప్పి దిగేస్తిని. నేరుగా ఈడికి వచ్చి సంగటి తింటిని."

శనివారం సాయంత్రం ఫోన్ ఎందుకు తీయలేదో అప్పుడు తెలిసింది. అడగలేదు.

"మరి డీసిల్ కారు?"

"అది తోలినాను. అబద్ధం కాదు. మన ఊరి చివర దాకా పోయి వస్తిని."

"దాని పికప్పు ఎట్లా ఉంది?"

ఈసారి మామ నా మొహం చూసి చెప్పినాడు. "బాగలేదు పాపా. పైన పాలిష్ పెట్టినారు గానీ లోపల బండి అలిసిపోయింది. గుట్ట ఎక్కేకాడ తొక్కితే రాలేదు. సగంలో నిలబడిపాయె. శాంతిపురం కాడ లారీని దాటితే నీ ల్యాబు కారు మాదిరే అవుతాది. అది వద్దు. ఆ మాట నిన్ననే సెప్పాల్సింది. సెప్తే కరెంటు కారు సంగతి అడుగుతావని..."

నాకు కోపం రావాలి. సోమవారం ఈ మనిషి మాట నమ్మి ఆ డీసిల్ కారుకు సరే అని ఉంటే, శాంతిపురం దగ్గర మళ్లీ అట్లాంటి బస్సుకే ఎదురుపోయేదాన్ని. అమ్మకు వచ్చింది కోపం. మేనకోడలి ప్రాణం కంటే నీ మీసం ఎక్కువైందా అని అడిగింది. మామ చాటలో ఒలిచినవి ఏరి నాన్న ముందు పెట్టినాడు, ఒకటొకటిగా.

"రేపు ఇద్దరం షోరూముకు పోదాం," అన్నాను. "ముందు నేను తోలి చూస్తాను. తర్వాత నువ్వు తోలు. నీకు వచ్చేదాకా నేను పక్కనే కూర్చుంటాను. లారీని ఎప్పుడు దాటాలి, ఎప్పుడు ఊరుకోవాలి, అది మాత్రం నువ్వే నాకు చెప్పాలి. అది వినోద్‌కు రాదు."

మామ తల ఊపినాడు. ఉమాపతి లేచి, పోతానమ్మా అని చెప్పి, రెండు మెట్లు దిగి, ఎందుకో మళ్లీ కూర్చున్నాడు.

"పాపా," అన్నాడు మామ చివరికి. "దాంట్లో ఎడమ కాలు ఏం సెయ్యల్ల?"

"ఏమీ చేయక్కర్లేదు మామా. ఊరికే పక్కన పెట్టుకోవడమే."

మామ తన ఎడమ కాలిని చూసుకున్నాడు. చెప్పులోంచి బయటికి తీసి, వసారా బండ మీద పెట్టి, వేళ్లు ఒకసారి చాపి ముడిచినాడు.

"లారీకి క్లీనరుగా ఉన్నప్పటి నుంచి అది నాతో కూడా పని సేసింది," అన్నాడు. "ఊరికే ఉండమంటే దానికి తెలుస్తాదా?"